పెంపుడు పిల్లికి చన్నుగడ్డ: సాధ్యాసాధ్య విచారము



ఈ నెల దోమతెరలను గుఱించి వ్రాయుదునని గడచిన సంచికలో మాట యిచ్చితిని. దానిని వచ్చు నెలకు వాయిదా వేయుచున్నాను. ఏలయన, నాకు వచ్చిన యుత్తరములలో నొకటి వేచియుండదగినది కాదు.

పిల్లి యెదురైనచో కార్యము చెడునని తలంచి, వెనుకకు మరలి, కాళ్ళు కడుగుకొని, గ్రుక్కెడు నీళ్ళు త్రాగి మరల బయలుదేరువారు మనలో నేటికిని గలరు. పిల్లిని బట్టి మన భవిష్యత్తును గణించుటయందు మనకు గల శ్రద్ధ, పిల్లి భవిష్యత్తును గణించుటయందు లేదు. హనుమకొండ సోదరి యొకరు వ్రాసిన యీ యుత్తరము సరిగా నీ రెండవ విషయమును గుఱించినదే. వారియింట పదునొకండేండ్ల ఆడుపిల్లి కలదు. దాని పొట్టక్రింద, వెనుకటి చన్నునొద్ద, గోలీ వంటి గడ్డ చేతికి తగులుచున్నది. పిల్లి తిండి తినుచున్నది, ఎలుకలను పట్టుచున్నది, నొప్పియున్నట్లు తోచదు. అత్తగారు ‘పాలగడ్డ, అదే కరగును’ అనుచున్నారట. మఱది ‘పిల్లికి ఆపరేషనా?’ యని నవ్వుచున్నాడట. సోదరి యడిగినది రెండే మాటలు: ఇది బ్రదుకునా? బ్రదికిన నెన్నాళ్ళు?

ఈ ప్రశ్న భయమువలన బుట్టినదే యైనను, శాస్త్రమునకు పరాయిది కాదు. మా తండ్రిగారు నాకు కావ్యములతో పాటు వైద్యగ్రంథములలోని కొన్ని భాగములను గూడ చదివించిరి. చరకాచార్యులు రోగములను సాధ్యములు, అసాధ్యములు నని విభజించి, సాధ్యములలో సుఖముగ కుదురునవి, కష్టముమీద కుదురునవి యనియు, అసాధ్యములలో మందుతో కొంతకాలము నెట్టుకొని రాదగినవి, చేయి విడువవలసినవి యనియు మరల రెండేసి భాగములు చేసిరి. చికిత్సకు బూనుకొనుటకు ముందే వైద్యుడీ భేదము నెఱుగవలెనని వారి మతము. సుశ్రుతులు గ్రంథిని, అర్బుదమును వేఱువేఱుగ వర్ణించిరి. నేటి పశువైద్యులు పిల్లి చన్నుగడ్డను నాలుగు దశలుగ విభజించి చెప్పుచుండగా నాకా పాత విభాగమే జ్ఞప్తికి వచ్చినది. అయితే పూర్వులు లక్షణములను జూచి నిర్ణయించిరి; వీరు కొలిచి, లెక్కించి చెప్పుచున్నారు.

ఇక విషయమునకు వత్తము. ఆడుపిల్లి చన్నులలో దేలు గడ్డలలో నూటికి 80 మొదలు 90 వఱకు రాచపుండ్లే. రాచపుండన నిప్పుడందఱును కాన్సరు అనుచున్నదే. కుక్కలలో నిట్టి గడ్డలలో సుమారు సగమే చెడ్డవి. స్త్రీల రొమ్ములలో చేతికి దగులు గడ్డలలో నధికభాగము రాచపుండ్లు కావు (అట్లని చూపించుకొనక యూరకుండరాదు, ప్రతి గడ్డయు డాక్టరుకు చూపవలసినదే). కాబట్టి మన శరీరముల విషయమున మనకు గలుగు ధైర్యమును పిల్లి విషయమున జూపుట తగదు. అత్తగారి మాటకు శాస్త్రములో చోటు బహు స్వల్పము. పిల్లలను కని పాలిచ్చుచున్న పిల్లికి చన్ను వాచి, వేడెక్కి, ముట్టుకొననీయక యున్నచో నది పాలు నిలిచి చీముపట్టుట కావచ్చును. ఏడాది, రెండేండ్ల లేత పిల్లికి, చూలుతో నున్నపుడో, ఎదకు రాకుండ నిచ్చు సూదిమందు వేయించిన తరువాతనో, చన్నులన్నియు నొక్కసారిగ నుబ్బినచో నదియు రాచపుండు కాదు; మందుతోనో, గర్భసంచి తీయించుటతోనో తగ్గును. దానిని జూచి బెదరి, ఆశ విడుచుకొనినవారు గలరు, అదియు పొరపాటే. కాని పదునొకండేండ్ల పిల్లికి, పాలులేని చన్నులో, గట్టిగా నొక గోలీ! ఈ వ్యాధి సాధారణముగ కనబడునది పది పండ్రెండేండ్ల వయస్సుననే. సోదరీ, మీ పిల్లి సరిగా నా వయస్సులో నున్నది.

ఫలము నూహించుటకు వైద్యుల చేతిలో నున్న సాధనములలో మిక్కిలి నమ్మదగినది మిక్కిలి చౌకయైనది కూడ. అది గడ్డ కొలత. 1984లో అమెరికాలో వెలువడిన పరిశీలన యొకటి యీ విషయమున ప్రసిద్ధము. గడ్డ అడ్డుకొలత 2 సెంటీమీటర్లకు లోబడి యుండగా శస్త్రము చేయించిన పిల్లులు మూడేండ్లకు పైబడి బ్రదికినవి. 2 మొదలు 3 సెంటీమీటర్ల గడ్డ గలవి యించుమించు రెండేండ్లు. 3 సెంటీమీటర్లు దాటినవి ఆఱు నెలల ప్రాంతము. ఒక్క సెంటీమీటరు భేదమునకు ఏండ్లు నెలలగుట జూడుడు! దీనికి కారణము వంటయింటిలోనే తెలియును. లడ్డు చుట్టునపుడు ఉండ అడ్డుకొలత రెట్టింపు చేసిన పిండి రెట్టింపు పట్టదు, ఎనిమిది రెట్లు పట్టును. 2 సెంటీమీటర్ల గడ్డ 3 సెంటీమీటర్లైనచో లోపలి పదార్థము మూడు రెట్లకు మించి పెరిగినదన్నమాట. అంత పెరుగుటకు రక్తము కావలెను. రక్తము పాఱు చోటెల్ల చెడ్డకణములకు దారియు దొరకును. కంటికి ‘కొంచెము పెద్దదైనది’ అని తోచినపుడు లోపల జరిగినది కొంచెము కాదు.

ఇంట కొలుచుటకు పరికరము లక్కఱలేదు. 2019 నుండి ముద్రింపబడుచున్న క్రొత్త రూపాయి నాణెము అడ్డుకొలత 20 మిల్లీమీటర్లు, అనగా సరిగా 2 సెంటీమీటర్లు. పాత రూపాయలు కొన్ని దీనికంటె పెద్దవి గనుక ముద్రితమైన సంవత్సరమును జూచికొనవలెను. పిల్లిని ఒడిలో వెల్లకిల పరుండబెట్టుకొని, గడ్డ ప్రక్కన నాణెము నుంచి చూచిన నిమిషములో తెలియును. వెల్లకిల పరుండనీయని పిల్లి యైనచో, అది గోడమీద ఎండ కాగుచు మగతలో నున్నపుడు ప్రక్కనుండి చేయి పోనిచ్చి తడుముట సులభము. ఇచ్చట మా ఖిలాలో నిండ్లమధ్య కాకతీయుల కాలపు రాళ్ళెన్నో పడియున్నవి. మధ్యాహ్నమున వానిమీద పరుండని పిల్లి యుండదు. అట్లు పరుండినపుడే నేను మా వీధి పిల్లుల పొట్టలు తడిమి చూచుట యలవాటు చేసికొంటిని. పిల్లికి చన్నులు నాలుగు జతలు, ముందుకాళ్ళ నడుమనుండి గజ్జల వఱకు వరుసగా నుండును. ఎనిమిదింటిని తడుమవలెను. పెసరగింజంత తగిలినను లెక్కలోనికే తీసికొనవలెను.

రెండవది, వ్యాధి ఎంతదూరము వ్యాపించినదను విషయము. మా కోటకు లోపల రాతిగోడ, వెలుపల మట్టిగోడ గలవు. శత్రువు లోపలికి రావలెనన్న నొక్కొక్క గోడయే దాటవలసియుండెను. ఈ శత్రువు లోపలనే పుట్టి వెలుపలికి దాటును, అంతియే భేదము. మొదట చన్నులోనే యుండును. తరువాత బిళ్ళలకు చేరును: ముందు చన్నులనుండి చంకలోని బిళ్ళలకు, వెనుకటి చన్నులనుండి గజ్జలోని బిళ్ళలకు. అచ్చటనుండి ఊపిరితిత్తులకు, కొన్నిట కాలేయమునకు. గడ్డ 2 సెంటీమీటర్లలోపు, బిళ్ళలు శుభ్రము: ఇది మొదటి దశ. 2 మొదలు 3 సెంటీమీటర్లు: రెండవది. 3 దాటినను, లేక గడ్డ చిన్నదైనను బిళ్ళకు పాకినచో, మూడవది. దూరపు అవయవములకు చేరినది నాల్గవది. 1996లో జపానులో 53 పిల్లులను గూర్చి ప్రకటించిన లెక్క యిట్లున్నది: మొదటి దశవానికి 29 నెలలు, రెండవదానికి పండ్రెండున్నర, మూడవదానికి 9, నాల్గవదానికి 1. శస్త్రమునకు ముందు రొమ్మునకు ఎక్స్‌రే తీయుట ఇందుకొఱకే. అదియు మూడు ప్రక్కలనుండి తీయించవలెను. ఒక్క ప్రక్కనుండి తీసిన చిన్న మచ్చలు మఱుగుపడిపోవును. అతి సూక్ష్మమైనవి మూడింటను కనబడకపోవచ్చును.

ఈ లెక్కలను జదివి ‘మొదటి దశ గనుక మా పిల్లికి 29 నెలలు’ అని పంచాంగములో గుర్తు పెట్టుకొనరాదు. లెక్క యర్థము వేఱు. మా వారు బడిపంతులు. ఆయన చెప్పిన తీరు నాకు తెలియ వచ్చినది గనుక మీకును అట్లే చెప్పుచున్నాను. బడిలో పిల్లలను పొడవును బట్టి వరుసగ నిలిపి, సరిగా నడుమ నున్నవానిని పిలిచి వాని యెత్తు కొలిచినట్లు, ఆ పిల్లులను అవి బ్రదికిన కాలమును బట్టి వరుసనుంచి, నడిమిదానిని జూచిరి. నడిమిది 29 నెలలు బ్రదికినది. దాని కీవల సగము అంతకంటె ముందే పోయినవి. ఆవల సగము అంతకు మించి బ్రదికినవి, కొన్ని చాలకాలము బ్రదికినవి. మీ పిల్లి వరుసలో నెచ్చట నిలుచునో లెక్క చెప్పదు. పైగా నాలుగు దశలవానిని కలిపినను ఆ లెక్కలోని పిల్లులు 53 మాత్రమే. 1984 లెక్కలో చిన్నగడ్డకు మూడేండ్లకు పైగా నుండగా, ఈ లెక్కలో రెండున్నరయేండ్లకు లోబడుట జూచితిరి గదా. ఇద్దఱును సత్యమే చెప్పిరి. వారు చూచిన పిల్లులు వేఱు, చేసిన శస్త్రములు వేఱు. రెండింటను మాఱనిది ఒక్కటే, గడ్డ చిన్నదిగ నున్నపుడు తీయించినవాని వరుస పొడవైనది.

మూడవ సాధనము సూక్ష్మదర్శిని. శస్త్రములో తీసిన మాంసఖండమును పలుచని రేకులుగ కోసి, రంగు పట్టించి చూతురు. ఇచ్చట స్త్రీలమైన మనకు విశేషమొకటి కలదు. గడ్డ క్రూరతను మూడు తరగతులుగ నిర్ణయించు పద్ధతి మొట్టమొదట మన కొఱకే పుట్టినది. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌ నగరమున ఎల్‌స్టన్‌, ఎల్లిస్‌ అను వైద్యులు స్త్రీల రొమ్ము కాన్సరునకై 1991లో దానిని సవరించి ప్రకటించిరి. కణములు సహజమైన నాళములవలె నమరియున్నవా, వాని బీజములు వికారముగ నున్నవా, విభజన చెందుచున్న కణము లెన్ని, ఈ మూడింటికి మార్కులు వేసి కూడుదురు, పరీక్షకాగితము దిద్దినట్లే. పశువైద్యులు దానినే పిల్లులకును వాడిరి. పిమ్మట పిల్లి గడ్డల కది సరిగా నతుకుట లేదని తోచి, నాళముల యమరికకు బదులుగ, చెడ్డకణములు రక్తనాళములలోనో శోషరసనాళములలోనో దూరినవా యను విషయమును లెక్కలో జేర్చిన పద్ధతి నొకదానిని 2015లో వెలువరించిరి. ఆ దూరుట కనబడినచో నది మంచి గుర్తు కాదు. అట్లే, కోసిన యంచున చెడ్డకణములు మిగిలియున్నవా లేదా యనునదియు రిపోర్టులో వ్రాయుదురు. మీరు అడిగి తెలిసికొనవలసిన మాట యిది. గడ్డ చిట్లి పుండైనదా, త్వరత్వరగ పెరిగినదా యనునవియు ఫలమును సూచించును గాని, వానిని జూచుటకు సూక్ష్మదర్శిని యక్కఱలేదు.

పిల్లికి కలుగు ఈ వ్యాధి స్త్రీలకు కలుగు రొమ్ము కాన్సరులో హార్మోను మందులకు లొంగని మొండిరకమును చాలవఱకు పోలియుండునని పరిశోధకులు గుర్తించిరి. కావున పిల్లులనుండి నేర్చినది మనకును నుపయోగపడునని వారి యాశ. మన యింటి మూల తోక ముడుచుకొని పరుండు ప్రాణికిని మనకును ఇట్టి చుట్టఱిక మున్నదని తెలిసినపుడు ‘పిల్లికి ఆపరేషనా?’ యను నవ్వు నాకు సహింపరాదు.

శస్త్రము విషయమున ముందే యొక మాట తెలిసియుండుట మేలు. గోలీయంత గడ్డకు వైద్యుడు ఆ ప్రక్క నాలుగు చన్నులను, దానికి జేరిన బిళ్ళతో సహా, తీయవలెననును. ‘చిన్న గడ్డకు అంత కోతా?’ యని యింటిలో గొడవ పుట్టుట సహజము. కాని చన్నుల నడుమ శోషరసనాళములు కలిసియుండును గనుక, గడ్డను మాత్రమే గిల్లి తీసినచో నా వరుసలోనే మరల పుట్టుట యధికము. రెండు ప్రక్కల గడ్డలున్నచో కొన్ని వారముల వ్యవధి నిచ్చి రెండుమార్లు చేయుదురు. తరువాత మందులెక్కించుట గలదు. దానివలన ఆయువు పెరుగునా యను విషయమున నిపుణులలో ఏకాభిప్రాయము లేదు. నా మాట యడిగిన, చేతిలో నున్న ద్రవ్యము కొంచెమైనచో దానిని తొలి శస్త్రమునకే, అదియు త్వరగా, వెచ్చించుట యుక్తము. ఖర్చు ముందే యడుగుటకు సిగ్గుపడవలదు.

శస్త్రము వలదనుటయు నొక్కొక్కప్పుడు న్యాయమే. మా వీధిలో నొక అవ్వ పెంచిన పిల్లికి గడ్డ ఉసిరికాయంత యైన పిదప ఎక్స్‌రే తీయించిరి. ఊపిరితిత్తులలో మచ్చలు. డాక్టరు కోయనని చెప్పి, నొప్పి తగ్గుటకు మందిచ్చి పంపెను. అవ్వ ఏడ్వలేదు. ‘ఏ గుర్తు జూచి కష్టపడుచున్నదని తెలిసికొనవలెను?’ అని మాత్రమడిగెను. తిండి మానుట, ఆయాసము, ఒడలు నాకికొనుట మానుట: ఈ మూడింటిని చెప్పిరి. అయిదు వారములు ఆ పిల్లి అరుగుమీద గోనెసంచిపై హాయిగ నుండెను. ఒకనాటి యుదయము నాకికొనుట మానినది. నాటి సాయంకాలమే అవ్వ దానిని డాక్టరునొద్దకు గొనిపోయి, సూదితో నిద్రపుచ్చి, పెరటిలో వేపచెట్టుక్రింద పూడ్చినది. ‘ఎన్నాళ్ళు?’ అను ప్రశ్నకంటె ఆమె ప్రశ్న మెఱుగైనదని నాకు దోచినది.

చేయగూడని పనులు కొన్ని. నొప్పికని మన జ్వరపు మాత్ర, పారాసెటమాల్‌, పిల్లికి వేయరాదు. అది పిల్లికి విషము, ఒక్క మాత్ర ప్రాణము తీయును. సున్నము, పసుపు పట్టించిన గడ్డ కరగదు. పిల్లి దానిని నాకి నోరు కాల్చుకొనును. ఎదకు రాకుండ నిచ్చు సూదిమందు మాటిమాటికి వేయించుట ఈ వ్యాధిని దెచ్చుకొనుటకు దారి. దానికి బదులు పిల్ల వయస్సులోనే గర్భసంచిని, అండాశయములను తీయించిన మేలు. 2005లో వెలువడిన లెక్క ప్రకారము, ఆఱు నెలలలోపు తీయించిన పిల్లులకు ఈ వ్యాధి భయము నూటికి 91 పాళ్ళు తగ్గినది. ఏడాదిలోపు తీయించిన 86 పాళ్ళు. రెండవ యేట తీయించిన 11 పాళ్ళే. ఆ పిమ్మట నీ విషయమున లాభము కనబడలేదు. ‘ఒక్క కాన్పు కానిండు, పాపము’ అనువారు ఈ అంకెలను జూడవలెను. మగపిల్లికిని ఈ గడ్డ రాకపోదు. కాని బహు అరుదు.

ఇక హనుమకొండ సోదరికి. మన కొఱకు దూరముగ పోనక్కఱలేదు. వరంగల్లునకు జేరువను మామునూరులో పశువైద్య కళాశాల కలదు. ఇది పి. వి. నరసింహారావుగారి పేరిట వెలసిన తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయమునకు జెందినది. ఆయన మన లక్నేపల్లిలో పుట్టినవారే. అచ్చట మొదట చూపింపుడు. హైదరాబాదు రాజేంద్రనగరములోని పాత కళాశాలకు పోవలసియున్న వారే చెప్పుదురు. వెళ్ళుటకు ముందు ఒక కాగితముమీద గడ్డ మొదట తగిలిన తారీఖు, నేటి కొలత, పిల్లి వయస్సు, ఎన్ని కాన్పులు, ఏయే సూదిమందులు వేయించితిరో వ్రాసికొనుడు. మూతగల వెదురుబుట్టలో పాతచీర పఱచి కూర్చుండబెట్టిన పిల్లి యంతగా నఱవదు. తీసిన గడ్డను పాఱవేయనీయక పరీక్షకు పంపుమని మీరే యడుగుడు. గోలీ యనగా రూపాయికంటె చిన్నదే గనుక మీకింకను వ్యవధి గలదు. ఈ సంచిక మీ చేతికి అందిన వారములోనే బయలుదేరుడు. అత్తగారు రానన్నచో మఱదిని బుట్ట మోయుటకు తోడు తీసికొనిపొండు.